పడే వస్తువు లెక్క – స్కైలాబ్ నాటి రాత్రి

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని సంపాదకులు అడిగారు. ముప్పై నాలుగేళ్లు బడిలో లెక్కలు చెప్పినవాణ్ణి, లెక్క గురించి కాక మరేం రాయగలను? మిత్రులు భయపడనక్కరలేదు, ఇది పరీక్ష పేపరు కాదు. 1979లో మనమంతా ఆకాశం వైపు చూస్తూ గడిపిన రోజుల ముచ్చట. పైనుంచి పడే వస్తువు ఎంత వేగంతో, ఏ దారిన పడుతుందో మనిషి లెక్క కట్టడం నేర్చుకున్న చరిత్ర కూడా.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. కరీంనగర్ జిల్లాలో ఒక పల్లె హైస్కూలులో కొత్తగా చేరాను. ఎక్కడ విన్నా స్కైలాబ్ మాటే. అమెరికా 1973 మే 14న పైకి పంపిన అంతరిక్ష కేంద్రం అది. బరువు సుమారు 77 టన్నులు. అది కూలిపోతోందన్న వార్త మా పల్లెకు చేరేసరికి లోకమే అంతమైపోతుందన్నంత పెద్దదైంది. ఎలాగూ పోయేవాళ్లమే కదా అని కొందరు మేకల్ని, కోళ్లను కోసుకుని తిన్నారు.

ఒక సాయంత్రం మా పక్కింటి రైతు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "సారూ, బేరగాడొచ్చిండు. ఎడ్లకు సగం ధర ఇస్తనంటుండు. అందరం పోయేటోళ్లమైతే ఎడ్లు ఎందుకు? అమ్మాల్నా, వద్దా?" అన్నాడు. నాట్ల కాలం. ఆ జత ఎడ్లు పోతే ఆ ఏడు సేద్యం లేనట్టే.

"ముందు లెక్క చూద్దాం పెద్దయ్యా" అని ఆయన్ను బావి దగ్గరికి తీసుకెళ్లాను. రాయి వదిలి గడియారం చూశాను. సుమారు ఒకటిన్నర సెకనుకు నీళ్ల చప్పుడు వినిపించింది. "ముప్పై ఆరు అడుగులు" అన్నాను. ఆయన ఆశ్చర్యపోయి, "నీళ్లకు పన్నెండు గజాల తాడే పడ్తది సారూ" అన్నాడు.

ఆ లెక్క మనకిచ్చినవాడు ఇటలీ దేశపు గెలీలియో. బరువైన వస్తువు తొందరగా, తేలికైనది నెమ్మదిగా పడుతుందని గ్రీకు పండితుడు అరిస్టాటిల్ చెప్పిన మాటే దాదాపు రెండు వేల ఏళ్లు చెల్లింది. పీసా గోపురం మీదనుంచి గుండ్లు వదిలి గెలీలియో దాన్ని తప్పని చూపాడంటారు. ఆ కథ రాసింది ఆయన శిష్యుడు. చరిత్రకారులు చాలామంది దాన్ని నమ్మరు. నమ్మదగిన పని వేరే ఉంది. నేరుగా పడే గుండు కంటికి అందదు కనుక ఆయన వాలు పలక మీద గుండును దొర్లించాడు. సెకన్లు కొలిచే గడియారం లేని కాలం కనుక, కుండలోంచి సన్నగా కారిన నీటిని తూచి కాలం కొలిచాడు. మొదటి క్షణంలో ఒక వంతు దూరం పోతే, రెండోదానిలో మూడు వంతులు, మూడోదానిలో అయిదు వంతులు పోతుందని తేల్చాడు. మన అడుగుల్లో చెప్పాలంటే ఒక సెకనుకు 16, రెండు సెకన్లకు 64, మూడు సెకన్లకు 144 అడుగులు. వేగం సెకను సెకనుకూ 32 అడుగుల చొప్పున పెరుగుతుంది. అడ్డంగా విసిరితే ముందుకు పోవడం, కిందికి పడడం దేని దారి దానిదేననీ, రెండూ కలిస్తే ఆ వంపు పరావలయమనీ చెప్పాడు. ఇదంతా 1638లో పుస్తకంగా వచ్చింది. అప్పటికాయనకు 74 ఏళ్లు, చూపు పోయింది, పైగా గృహనిర్బంధం. మన వయసువాళ్లు గుర్తుంచుకోదగ్గ సంగతి.

1687లో న్యూటన్ ఇంకో మెట్టు ఎక్కాడు. ఎత్తైన కొండ మీదనుంచి ఫిరంగి గుండును చాలినంత వేగంతో పేలిస్తే, అది పడుతూనే ఉంటుంది గాని నేలను తాకదన్నాడు. సెకనుకు సుమారు 8 కిలోమీటర్లు పోయే వస్తువు ఆ సెకనులో 16 అడుగులు పడుతుంది. గుండ్రని భూమి కూడా అంతే కిందికి వంగుతుంది. స్కైలాబ్ ఆరేళ్లు పైన నిలిచింది ఇలా పడుతూనే.

ఇదంతా నాకు చేతనైనట్టు చెప్పాను. పెద్దాయన ఓపికగా విని, "రాయి సంగతి సరే. గది యాడ పడ్తదో మీ లెక్కల రాదా?" అన్నాడు.

అసలు చిక్కు అక్కడే ఉంది. బావిలో రాయికి గాలి పెద్ద అడ్డు కాదు. స్కైలాబ్‌కు మాత్రం అంతెత్తున ఉన్న పల్చటి గాలే శత్రువైంది. ఆ ఏళ్లలో సూర్యుడి చురుకుదనం పెరిగి, పై వాతావరణం వేడెక్కి ఉబ్బింది. రాపిడి పెరిగి కేంద్రం అనుకున్నకన్నా ముందే కిందికి జారింది. దాన్ని పైకి నెట్టగలదనుకున్న స్పేస్ షటిల్ తొలిసారి ఎగిరింది 1981లోనే. గాలి రేపెలా ఉంటుందో తెలియకపోతే పడే వేళ తెలియదు. ఒక్క నిమిషం తేడా వస్తే చోటు 460 కిలోమీటర్లు మారుతుంది, అంటే ఇంచుమించు హైదరాబాదు నుంచి నెల్లూరు దాకా.

అమెరికావాళ్లు ఇంకో లెక్క చెప్పారు. ఎవరో ఒక మనిషికి తగిలే అవకాశం 152లో ఒకటి. అప్పటి జనాభా 400 కోట్ల పైమాటే. కనుక ఫలానా మనిషికే తగిలే అవకాశం 60,000 కోట్లలో ఒకటి. అయినా అది సున్నా కాదు. లెక్కల మాస్టారుగా నేను సున్నా అని చెప్పలేను. ఆయన ముఖం చూసి, "ఎడ్లు అమ్మకు పెద్దయ్యా. ఆ రాత్రి నేను మీ వాకిట్లోనే పడుకుంటా" అన్నాను. అంతకుమించి నా దగ్గర జవాబు లేదు.

జూలై 11 రాత్రి ఇద్దరం ఆయన వాకిట్లో మంచాలు వేసుకున్నాం. ఆయన గురక పెట్టాడు. నాకే నిద్ర పట్టలేదు. మన టైము ప్రకారం పది దాటాక అది వాతావరణంలోకి దిగింది. దక్షిణాఫ్రికాకు దిగువన సముద్రంలో పడేలా చూశారు గాని, అది అనుకున్నంత త్వరగా విడిపోలేదు. కొన్ని ముక్కలు పశ్చిమ ఆస్ట్రేలియాలో ఎస్పెరన్స్ వైపు పడ్డాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. చెత్త పారేసినందుకు అక్కడి పురపాలకులు 400 డాలర్ల జరిమానా రాశారు!

పెద్దాయన ఆ ఏడు తన ఎడ్లతోనే పొలం దున్ని నాట్లు వేశాడు. నెల తిరగకముందే, ఆగస్టు 10న, శ్రీహరికోట నుంచి మన తొలి ఎస్సెల్వీ-3 లేచి బంగాళాఖాతంలో పడింది. 1980 జూలై 18న మరొకటి రోహిణిని కక్ష్యలో నిలిపింది. ఆ వార్త చెబితే పెద్దాయన, "అయితే మనది పడకుంట పడుతున్నదన్నమాట" అన్నాడు. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో న్యూటన్‌ను అంత చక్కగా చెప్పిన విద్యార్థి నాకు దొరకలేదు.