వాట్సాప్‌పై సడలిన నమ్మకం: 2021 నాటి వలస

ఒక వేదికపై జనానికి నమ్మకం పోవడం వేరు, దాన్ని వారు విడిచిపెట్టి వెళ్లగలగడం వేరు. ఈ రెంటి మధ్య ఉన్న దూరం భారతదేశంలో మొదటిసారి పెద్ద ఎత్తున బయటపడింది 2021 జనవరిలో, వాట్సాప్ కొత్త గోప్యతా విధానంపై అలజడి చెలరేగినప్పుడు. అయితే ఆ అలజడికి బీజాలు అంతకు చాలా ముందే పడ్డాయి.

యాహూలో పనిచేసి బయటికి వచ్చిన జాన్ కౌమ్, బ్రయాన్ ఆక్టన్ 2009లో కాలిఫోర్నియాలో వాట్సాప్‌ను స్థాపించారు. కౌమ్ బాల్యం సోవియట్ ఏలుబడిలోని ఉక్రెయిన్‌లో, ఫోన్‌లో మనసు విప్పి మాట్లాడటానికి జంకే మనుషుల మధ్య గడిచింది. వాడేవారి గురించి వీలైనంత తక్కువ తెలుసుకునే సేవను నడపాలన్న పట్టుదలకు ఆ అనుభవమే కారణమని ఆయన తరువాతి కాలంలో చెప్పుకున్నారు. ప్రకటనలు వద్దు, ఆటలు వద్దు, గిమ్మిక్కులు వద్దు అని ఆక్టన్ రాసిచ్చిన చీటీని కౌమ్ తన బల్లకు అంటించుకున్నారు. ఆదాయానికి ఏడాదికి ఒక డాలరు చందా చాలుననుకున్నారు.

భారతదేశంలో ఈ సేవ ఇంటింటికీ చేరడానికి గోప్యత కన్నా ఖర్చే ముఖ్య కారణం. అప్పట్లో టెలికాం కంపెనీలు నెలవారీ ఎస్సెమ్మెస్ ప్యాకులు అమ్మేవి కానీ, కొత్త సంవత్సరం, దీపావళి వంటి రోజుల్లో, అంటే జనం శుభాకాంక్షలు పంపుకునే రోజుల్లోనే, ఆ ప్యాకులు చెల్లవని ప్రకటించి ఒక్కో సందేశానికి విడిగా డబ్బు వసూలు చేసేవి. ఇంటర్నెట్ ఉంటే చాలు, దేశంలోనైనా విదేశాల్లోనైనా ఉన్న అయినవారికి మాట, ఫొటో, వీడియో ఉచితంగా పంపవచ్చన్న సౌలభ్యం ముందు ఎస్సెమ్మెస్ నిలవలేకపోయింది. పిల్లలు అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న తెలుగు కుటుంబాలకు ఇది ఎంత ఊరటనిచ్చిందో వేరే చెప్పనక్కరలేదు.

2014 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ సుమారు 1,900 కోట్ల డాలర్లకు వాట్సాప్‌ను కొంటున్నట్టు ప్రకటించినప్పుడు, వాడేవారికి ఏ మార్పూ ఉండదని స్థాపకులు హామీ ఇచ్చారు. 2016 ఏప్రిల్‌లో ఆదినుంచి అంతం వరకు సంకేతీకరణ, అంటే పంపినవారు, అందుకున్నవారు తప్ప మధ్యలో కంపెనీ కూడా చదవలేని విధంగా సందేశాన్ని మరుగుపరిచే పద్ధతి, అందరికీ అమలైంది. ఆ తృప్తి ఐదు నెలలైనా నిలవలేదు. అదే ఏడాది ఆగస్టులో ఫోన్ నంబర్లతో సహా ఖాతా వివరాలను ఫేస్‌బుక్‌తో పంచుకుంటామని వాట్సాప్ ప్రకటించింది. ప్రకటనల కోసం ఆ వివరాలను వాడుకోవద్దని చెప్పే అవకాశాన్ని అప్పటికే ఖాతా ఉన్నవారికి 30 రోజులు మాత్రమే ఇచ్చింది. రెండు సేవల ఖాతాలను జతచేయడం సాధ్యం కాదని కొనుగోలు సమయంలో తప్పుడు సమాచారం ఇచ్చినందుకు 2017లో యూరోపియన్ కమిషన్ ఫేస్‌బుక్‌కు 11 కోట్ల యూరోల జరిమానా వేసింది. అదే ఏడాది సంస్థను వీడిన ఆక్టన్, 2018లో 5 కోట్ల డాలర్ల సొంత డబ్బుతో, సిగ్నల్ అనే సందేశ సేవను నడిపే సిగ్నల్ ఫౌండేషన్‌కు ఊపిరి పోశారు. వాట్సాప్ కట్టిన చేతులే దాని ప్రత్యామ్నాయానికి అండగా నిలవడం ఈ చరిత్రలో అన్నిటికన్నా బలమైన సాక్ష్యం.

2021 జనవరి మొదటి వారంలో భారతీయుల ఫోన్లలో ఒక ప్రకటన ప్రత్యక్షమైంది. కొత్త షరతులను ఫిబ్రవరి 8లోగా అంగీకరించాలని, ఆ తరువాత సేవ కొనసాగాలంటే అంగీకారం తప్పనిసరని అందులో ఉంది. 'వద్దు' అనడానికి మీట లేదు. తమ సందేశాలను ఇక ఫేస్‌బుక్ చదువుతుందన్న ప్రచారం అల్లుకుపోయింది. అది నిజం కాదు, సందేశాల సంకేతీకరణ చెక్కుచెదరలేదు. కానీ ఎవరు ఏ ఫోన్ నుంచి, ఎంత తరచుగా, ఏ వ్యాపార సంస్థతో వ్యవహరిస్తున్నారన్నది తెలిపే మెటాడేటా, అంటే సందేశం చుట్టూ ఉండే వివరాలు, ఆ రక్షణ పరిధిలోకి రావు. అందువల్ల జనం వివరంలో పొరబడ్డారే గాని అనుమానంలో పొరబడలేదు. 2018 నుంచి కఠినమైన డేటా చట్టం అమల్లో ఉన్న యూరప్‌లో వేరే విధానం, అప్పటికి అటువంటి చట్టమే లేని భారతదేశంలో వేరే విధానం అమలు కావడం గాయాన్ని మరింత రేపింది. ఈ తేడా ఎందుకని కేంద్ర ప్రభుత్వమూ సంస్థను నిలదీసింది.

వాట్సాప్ దినపత్రికల్లో పూర్తి పేజీ ప్రకటనలిచ్చి గోప్యతను గౌరవిస్తామని చెప్పుకోవలసి వచ్చింది, గడువును మే 15కు వాయిదా వేసింది. ఈలోగా సిగ్నల్‌కు తాకిడి ఎంత పెరిగిందంటే జనవరి 15న దాని సర్వర్లు తట్టుకోలేక నిలిచిపోయాయి. 72 గంటల్లో రెండున్నర కోట్ల మంది కొత్తగా చేరారని మరో సందేశ సేవ టెలిగ్రామ్ ప్రకటించింది. అయితే టెలిగ్రామ్‌లో మామూలు సంభాషణలకు ఆదినుంచి అంతం వరకు సంకేతీకరణ లేదు. గోప్యత కోసం బయలుదేరిన వారిలో చాలామంది ఆ విషయంలో వెనకబడిన చోటికే చేరారు. చెన్నై కేంద్రంగా పనిచేసే జోహో సంస్థ 2021లోనే తెచ్చిన సందేశ సేవ అరట్టై, 2025 సెప్టెంబరులో స్వదేశీ పిలుపుతో ఒక్కసారిగా వెలుగులోకి వచ్చినప్పుడు కూడా దాని లిఖిత సందేశాలకు ఈ రక్షణ లేదు.

వలస వెళ్లినవారిలో అధికులు వాట్సాప్‌ను ఫోన్ నుంచి తొలగించలేదు. అపార్ట్‌మెంట్ సంఘం, బడి తల్లిదండ్రుల గ్రూపు, పొదుపు సంఘం, మేనమామల కుటుంబం అన్నీ అక్కడే ఉన్నప్పుడు ఒక్కరు వెళ్లడం వెళ్లడం కాదు, వెలి కావడం. 2021 ఫిబ్రవరిలో కేంద్రం చెప్పిన లెక్క ప్రకారం దేశంలో వాట్సాప్ వాడుకరులు 53 కోట్లు. ఆ సంఖ్యే సంస్థకు కోటగోడ. 'ఒప్పుకో, లేదా వెళ్లిపో' అనే ఈ తీరు ఆధిపత్య దుర్వినియోగమేనని కాంపిటీషన్ కమిషన్ 2024 నవంబరులో తేల్చి, మెటాగా పేరు మార్చుకున్న ఫేస్‌బుక్‌కు 213.14 కోట్ల రూపాయల జరిమానా విధించింది.

జరిమానా గోడను కూల్చదు. టెలికాం కంపెనీల మధ్య అలాంటి గోడ లేదు: ఎయిర్‌టెల్ నుంచి బీఎస్ఎన్ఎల్‌కు ఫోన్ కలుస్తుంది, 2011 జనవరి 20 నుంచి దేశమంతటా నంబరు మారకుండానే కంపెనీని మార్చుకోవచ్చు. ఆ వెసులుబాటు ఏ కంపెనీ దయతోనూ రాలేదు, నియంత్రణ సంస్థ నిబంధనతో వచ్చింది. పెద్ద సందేశ సేవలు, చిన్న సేవలు కోరితే వాటితో సందేశాలు ఇచ్చిపుచ్చుకోవాలని యూరప్ 2022లో చట్టం చేసింది. భారతదేశంలో మాత్రం తన డేటాను ఒక సేవ నుంచి మరో సేవకు తరలించుకునే హక్కు 2019 నాటి బిల్లులో ఉన్నా, 2023లో పార్లమెంటు ఆమోదించిన డేటా రక్షణ చట్టంలో దానికి చోటు దక్కలేదు.