కామాఠిపురము, కాన్వాసు బూటు, ఆటగాని పేరు

నగర చరిత్రలను వ్రాయువారు కోటలను, రేవులను, మిల్లులను గూర్చి విపులముగా వ్రాయుదురు. ఆ కట్టడములకు రాళ్ళు మోసినవారి కాళ్ళకు ఏమి తొడుగు ఉండెనో విచారింపరు. బొంబాయి తెలుగువారి చరిత్రలో ఈ ప్రశ్న అల్పమైనది కాదు. పాదరక్ష మనుష్యుని ఆదాయమును చెప్పును. సంఘములో అతని స్థానమును చెప్పును. అతని బిడ్డ మైదానములో నిలుచునో, గట్టుమీద కూర్చుండి చూచునో ఆ సంగతిని సైతము చెప్పును. మంచి ఆటబూటు పేదవాని బిడ్డకు చౌకగా లభించుటకై జరిగిన యత్నములను కామాఠిపురమును కేంద్రముగా గొని పరిశీలించుట ఈ వ్యాసమున కుద్దేశము.

పేటయు, ప్రజలును

1784 ప్రాంతమున హార్న్‌బీ కట్ట పూర్తియైన పిమ్మట సముద్రపు పోటునీరు బొంబాయి దీవుల నడుమకు వచ్చుట తగ్గి, పల్లపు నేలలు క్రమముగా నివాసయోగ్యములయ్యెను. ఆ శతాబ్ది చివర నుండి నిజాము రాజ్యమునుండి వచ్చిన తెలుగు కూలీలు, కట్టడపు పనివారు ఆ నేలమీద గుడిసెలు వేసికొనిరి. వారిని కామాఠీలనిరి, వారి పేట కామాఠిపురమయ్యెను. ఉత్తరమున బెల్లాసిస్ రోడ్డు, దక్షిణమున గ్రాంటు రోడ్డు; నడుమ అంకెలే పేరులుగా గల సందులు, ఒకటి మొదలు పదునాలుగు వరకు. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున వీరిలో కొందరు గుత్తేదారులై ధనము గడించిరి. 1873లో జోతిరావు ఫూలే పూనాలో సత్యశోధక సమాజమును స్థాపించినప్పుడు, రామయ్య వెంకయ్య అయ్యవారు మొదలగు బొంబాయి తెలుగు ప్రముఖులు ఆ సమాజమునకు అండగా నిలిచిరి. తరువాతి కాలమున ఈ పేటకు వేరొక అపఖ్యాతి అంటుకొని, కట్టిన చేతుల పేరు మరుగుపడెను.

బట్టల మిల్లులు పెరిగిన కొలది పద్మశాలీలు మొదలగు తెలుగువారు వర్లీ, పరేలు ప్రాంతములకు వ్యాపించిరి. 1920 తరువాత ప్రభుత్వము వర్లీ, నాయ్‌గాఁవ్, డిలైల్ రోడ్డు, శివడీలలో కట్టిన 207 బి.డి.డి. చాళ్ళలో ఒక్కొక్క సంసారమునకు సుమారు 160 చదరపు అడుగుల గది. ఆ గదిలో వంట, నిద్ర, చదువు అన్నియు జరుగవలెను. ఆటకు మాత్రము చోటు వెలుపలనే. 1982 జనవరి 18న ఆరంభమైన మిల్లు సమ్మె పిమ్మట వేలకొలది ఇండ్లలో నెలజీతము ఆగెను. అట్టి ఇంట బిడ్డకు ఆటబూట్లు కొనుట వంటచెరకు, బియ్యము, బడి పుస్తకములు కొనిన పిమ్మట వచ్చు చివరి మాట.

వట్టికాళ్ళ ఆట

మన దేశమున ఆటకును పాదరక్షకును గల సంబంధము విచిత్రమైనది. 1948 లండను ఒలింపిక్సులో మన ఫుట్‌బాల్ జట్టువారిలో పెక్కురు వట్టికాళ్ళతో ఆడి, ఫ్రాన్సు చేతిలో 2-1 తేడాతో ఓడిరి. 1952లో హెల్సింకీలో యుగోస్లావియా 10-1గా ఓడించెను. ఆ పిమ్మట బూట్లు తప్పనిసరియయ్యెను. హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీము శిక్షణలో బూట్లు తొడిగిన భారత జట్టు 1956 మెల్‌బోర్నులో నాలుగవ స్థానమును, 1962లో జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణమును పొందెను. వట్టికాళ్ళ నేర్పును లోకము మెచ్చుకొనెను. కాని ఆట నియమములు ఆ నేర్పు కొరకు ఆగియుండలేదు.

కామాఠిపురమునకు ఆనుకొనియున్న నాగపాడాలో బాస్కెట్‌బాల్ వేళ్ళూనెను. 1927లో అమెరికను మిషనరీ క్లిఫర్డ్ మాన్‌షార్ట్ అచ్చట నైబర్‌హుడ్ హౌస్ అను సంఘసేవా కేంద్రమును స్థాపించెను. ఆ ప్రాంతపు మైదానములనుండి వచ్చిన అబ్బాస్ ముంతసిర్ 1970లో అర్జున పురస్కారమును పొందెను. ఫుట్‌బాల్ మట్టిమీద వట్టికాళ్ళతో కొంతవరకు సాగును గాని, సిమెంటు నేలమీద బాస్కెట్‌బాల్ సాగదు. క్షణక్షణము ఎగురుట, వాలుట, పరుగులో ఆగి మరలుట ఆ ఆటకు ప్రాణము. వాలిన ప్రతిసారి దేహభారమంతయు మడమమీద, చీలమండమీద పడును. కనుక పేదల పేటలో ఈ ఆట నిలువవలెనన్న చౌకబూటు విలాసము కాదు, పరికరము.

కాన్వాసు బూటు చరిత్ర

ఈ పరికరమునకు మూలము రబ్బరు. 1839లో చార్లెస్ గుడియర్ గంధకముతో రబ్బరును వేడిచేసి గట్టిపరచు పద్ధతిని కనుగొనెను. ఎండకు కరగక, చలికి పగులక యుండు అడుగును నూలుగుడ్డకు అతికించుట సాధ్యమయ్యెను. తోలుబూటు కంటె ఇది తేలిక, చౌక. 1916లో అమెరికాలో ‘కెడ్స్’ అను పేర ఒక రకము వెలువడెను. మన దేశమున ఆ పేరే జాతివాచకమై, ఏ కంపెనీ కాన్వాసు బూటునైనను ‘కెడ్సు’ అనుట వాడుకయయ్యెను. 1917లో కన్వర్స్ కంపెనీ బాస్కెట్‌బాల్ బూటు తెచ్చెను. చక్ టేలర్ అను ఆటగాడు 1921లో ఆ కంపెనీలో చేరి, ఊరూరా తిరిగి ఆట నేర్పుచు బూట్లనమ్మెను. 1930లలో అతని పేరే బూటుమీద ముద్రింపబడెను. ఆటగాని పేరు సరకుకు గుర్తుగా మారిన తొలి ఉదాహరణములలో ఇది ముఖ్యమైనది.

మన దేశమున ఆ పాత్రను వేరువిధముగా నిర్వహించినది బాటా. చెక్ దేశపు జ్లీను పట్టణమున 1894లో పుట్టిన ఈ సంస్థ 1930లలో కలకత్తా సమీపమున కర్మాగారము నెలకొల్పి, 1936లో బడిపిల్లల వ్యాయామ తరగతులకై తెల్లని కాన్వాసు బూటును తయారుచేసెను. దానిమీద ఏ క్రీడాకారుని పేరును లేదు. చిన్నగుడ్డతో సుద్ద పూసి తెల్లపరచుకొని, కవాతునాడు తొడిగికొనిపోయిన ఆ బూటే దేశమందలి పెక్కు బడిపిల్లలకు మొదటి ఆటబూటు.

పేరుకు వెల

1985లో నైకీ సంస్థ మైకేల్ జోర్డను పేర బూటు నమ్మెను. వెల 65 డాలర్లు. నాటినుండి ఆటగాని పేరు నాణ్యతకు సాక్ష్యముగా గాక, వెలను పెంచు సాధనముగా మారెను. కొనువాడు గుడ్డకు, రబ్బరుకు, కుట్టుకూలికి మాత్రమే గాక ప్రకటనలకును, పేరుకును వెల చెల్లింపవలసివచ్చెను. పేదపేటల బాలురకు ఆ బూటు ఆటవస్తువు గాక ప్రతిష్ఠావస్తువయ్యెను. లేనివాడు లేమిని పాదములమీద మోసెను.

దీనికి ఎదురునిలిచినవాడు స్టెఫన్ మార్బరీ. న్యూయార్కులోని కోనీ ఐలండు అను పేదపేటలో పెరిగి, అదే నగరపు జట్టు నిక్స్‌లో ఆడుచున్న ఇతడు 2006లో స్టీవ్ అండ్ బ్యారీస్ దుకాణములద్వారా ‘స్టార్‌బరీ’ బూటు తెచ్చెను. వెల 14 డాలర్ల 98 సెంట్లు. అమ్మకమునకు ముందుగా సొమ్ము పుచ్చుకొనక, అమ్మకములలో వాటాకు ఒప్పుకొనెను. దుకాణము తనదే గనుక నడుమ దళారి లేడు. ప్రకటనల వ్యయము స్వల్పము. అన్నిటికంటె ముఖ్యమైనది, ఆ బూటునే తొడిగి అతడు మైదానములో ఆడెను. పేదలకొకటి, తనకొకటి అను భేదము పాటింపలేదు. టెన్నిసు క్రీడాకారిణి వీనస్ విలియమ్స్ సైతము 2007లో అదే దుకాణములద్వారా చౌక దుస్తులను తెచ్చెను. కాని ఆ దుకాణముల సంస్థ 2008 జూలైలో దివాలా ప్రకటించెను. బూటు చెడ్డదై కాదు, అమ్ముచోటు కూలి ఆ యత్నము ఆగెను. చౌకదనమునకు ఆటగాని సంకల్పము చాలదనియు, నిలకడగల వ్యాపారము కావలెననియు ఇది తెలుపుచున్నది.

ఒకటిన్నర సందు

కామాఠిపురమున ఇదే సమస్యకు ప్రజలు తమకు తోచిన పరిష్కారమును కనుగొనిరి. అంకెల సందుల నడుమ భిన్నాంకపు సందొకటి కలదు. దానిని డేఢ్ గలీ, అనగా ఒకటిన్నర సందు, అందురు. శుక్రవారము తెల్లవారుజామున నాలుగు గంటలకే దీపముల వెలుగులో అచ్చట బూట్ల సంత సాగును. ప్రొద్దెక్కిన పిమ్మట సద్దుమణుగును. వాడి బాగుచేసినవి, కర్మాగారములు తిరస్కరించినవి, ప్రసిద్ధ గుర్తులకు నకళ్ళు, అన్నియు ఒకే కుప్పలో కలిసియుండును. వేల రూపాయల బూటును పోలినది వందలలో లభించును. పిల్లవాని కోరిక తీరును. తండ్రి జేబు నిలుచును.

అయినను ఈ చౌకదనము లన్నియు ఒకటి కావు. వాడిన బూటు మునుపటి పాదపు అరుగుదలను వెంట తెచ్చును. తిరస్కరించిన బూటులో లోపము దాగియుండును. నకలు గుర్తును ఇచ్చును గాని అడుగు పట్టును, మడమ ఆసరాను ఇచ్చునన్న పూచీ లేదు. అది పేదవానికి పేరునే అమ్మును, పాదమునకు రక్షణ నీయదు. బాటా తెల్లబూటు, మార్బరీ బూటు మరియొక తెగకు చెందినవి: అవి అసలైనవే, చౌకయైనవే.

ఆటగాని పేరు అతని సొత్తు. దానిని హెచ్చువెలకు అమ్ముకొనుటకు అతనికి హక్కు కలదు. 2019లో పి.వి. సింధు చైనా సంస్థ లీనింగ్‌తో చేసికొన్న ఒప్పందపు విలువ సుమారు 50 కోట్ల రూపాయలని పత్రికలు వ్రాసెను; తెలుగు ఆడపిల్ల ఆటకు అంత వెల పలుకుట గర్వకారణమే. అట్లే ఆ పేరును ఇయ్యకుండుటకును హక్కు కలదు. 2001లో ఆల్ ఇంగ్లండు విజేతయైన పుల్లెల గోపీచంద్, ఆరోగ్యమునకు మంచివి కావని తలచి శీతలపానీయపు ప్రకటనను నిరాకరించెను. పేరును నిరాకరించిన తెలుగు క్రీడాకారుడు కలడు. వెల తగ్గించుటకు పేరునిచ్చు క్రీడాకారుడు మన దేశమున ఇంకను రావలసియున్నాడు. ఇచ్చటి చౌకబూట్లకు ఎక్కువగా సినిమా నటులే ప్రచారకులు.

బృహన్ముంబయి నగరపాలక సంస్థ 2007 నుండి తన బడిపిల్లలకు ఉచితముగా నిచ్చు 27 వస్తువులలో పాదరక్షలు సైతము చేరియున్నవి. తెలుగు మాధ్యమపు బడులలో చదువు కూలీల బిడ్డలకును అవి అందును. అవి బడికి చాలును. ఎగిరి వాలు ఆటకు చాలవు. ఆ నడుమనున్న వెలితి చిన్నది, పూరింపదగినది. ఈ నగరపు పునాదులలో వట్టికాళ్ళతో నిలిచి రాళ్ళు మోసినవారి మునిమనుమలు, ఆ నగరపు మైదానములో గట్టి అడుగుగల బూటుతో నిలువవలెనని కోరుట అత్యాశ కాదు. అది చరిత్ర ఇంకను తీర్పవలసిన బాకీ.