షుగర్ గ్లైడర్ల గంధ గ్రంథుల వ్యాధులు: చికిత్సా చరిత్ర

షుగర్ గ్లైడర్ ఆస్ట్రేలియా, న్యూగినీ అడవుల్లో చెట్టు మీంచి చెట్టు మీదికి తేలిపోయే బుల్లి సంచి జంతువు. బాగా ఎదిగినా 160 గ్రాములు దాటడం అరుదు. 1830ల చివర్లో ఇంగ్లండుకు చెందిన జార్జ్ రాబర్ట్ వాటర్‌హౌస్ దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. దీని జబ్బుల మీద వైద్యుల చూపు పడడానికి మాత్రం మరో నూటయాభై ఏళ్లు పట్టింది.

ఈలోగా దీని గ్రంథుల గురించి తెలిసిందంతా ప్రవర్తనా శాస్త్రం పుణ్యమే. 1965లో జర్మన్ పరిశోధకుడు థామస్ షుల్ట్సే-వెస్ట్రుమ్, ఈ జంతువులు తమ గుంపు వాళ్లను వాసనతోనే గుర్తుపడతాయని ప్రయోగాలతో చూపాడు. మగదానికి నడినెత్తిన, ఛాతీ మీద గంధ గ్రంథులుంటాయి. మలమూత్ర ద్వారానికి ఇరుపక్కలా ఉండే గ్రంథులు ఆడ, మగ రెండింటికీ ఉంటాయి. బెదిరితే వాటి నుంచి ఘాటు వాసన వస్తుంది.

1990లలో ఇవి అమెరికా ఇళ్లలోకి పెంపుడు జంతువులుగా చేరాయి. అక్కడివాటి మూలం ఇండోనేసియాలోని పశ్చిమ పపువా అని తర్వాత జన్యు పరీక్షల్లో తేలింది. కొత్త యజమానులు మగదాని తల మీది బోడి మచ్చను చూసి చర్మరోగమని కంగారుపడేవారు. నిజానికి అది ఆరోగ్యంగా ఉన్న గ్రంథే. వృషణాలు తీసేస్తే కుంచించుకుపోయి, అక్కడ మళ్లీ వెంట్రుకలు మొలుస్తాయి.

అసలు చిక్కు తోక కింద, మలమూత్ర ద్వారం పక్కన ఉండే గ్రంథులతోనే. స్రావం లోపలే గట్టిపడితే వాపు, ఆపైన చీము. జంతువు అదే పనిగా అక్కడ నాకుతుంది, కొరుకుతుంది. పశువైద్యులు మొదట్లో కుక్క, పిల్లి, ఫెరెట్ వైద్యంలోని అనుభవాన్నే ఆసరా చేసుకున్నారు. ఫెరెట్లు, కుందేళ్లు, ఎలుకజాతుల వైద్యం మీద పేరున్న అమెరికన్ పాఠ్యగ్రంథం 2004 నాటి రెండో కూర్పులో గానీ షుగర్ గ్లైడర్లకు చోటివ్వలేదు. మందుల మోతాదులు ఇప్పటికీ చాలావరకు ఇతర జంతువుల లెక్కల నుంచి తెచ్చుకున్నవే.

నేటి పద్ధతిలో ఐసోఫ్లూరేన్ మత్తు ఇచ్చి గ్రంథిని పరీక్షిస్తారు. చీము తీసి, కడిగి, నమూనాను కల్చర్‌కు పంపి, తగిన యాంటీబయాటిక్ ఎంచుకుంటారు. మళ్లీ మళ్లీ తిరగబెడితే శస్త్రచికిత్సతో గ్రంథినే తొలగిస్తారు. వాపు వెనక క్యాన్సర్ బయటపడిన కేసులు కూడా వైద్య పత్రికల్లో నమోదయ్యాయి కాబట్టి, తీసిన కణజాలాన్ని పరీక్షకు పంపడం తప్పనిసరి అనుకోవాలి.

ఈ చికిత్సలో వచ్చిన మేలైన మార్పు నొప్పి నివారణకు దక్కిన ప్రాధాన్యం. నొప్పి భరించలేని షుగర్ గ్లైడర్ కుట్లు తెంపుకోవడంతో ఆగదు, తన ఒంటినే కొరికి తినేస్తుంది. చక్కగా ముగిసిన ఆపరేషన్ రాత్రికి రాత్రే వృథా అవుతుంది. అందుకే మత్తు దిగకముందే నొప్పి మందు పడాలి, అవసరమైతే మెడకు కాలర్ కట్టాలి.

గుప్పెడంత ప్రాణికి ఒక్క చుక్క మందు ఎక్కువైనా ముప్పే. తోక కింద వాపు కనిపిస్తే ఇంట్లో నొక్కి చూడకండి, మనుషుల మాత్రలు నూరి పోయకండి. ఈ జంతువులు తెలిసిన పశువైద్యుడి దగ్గరికి ఆ రోజే తీసుకెళ్లండి.