దీపస్తంభం, దర్గా కొండ, సముద్ర యాత్రికునికి అభయం

అరబీ భాషలో “మనార” అంటే వెలుగు ఉండే చోటు. నూర్ (వెలుగు), నార్ (నిప్పు) అనే మాటలకు మూలమైన ధాతువు నుండే ఈ పదం పుట్టింది. మసీదు మినార్, హైదరాబాదు చార్మినార్ అనే పేర్లలో మనం వాడుతున్నదీ ఈ మాటే. అయితే పూర్వపు అరబ్బు యాత్రికులు “మనార” అన్నప్పుడు వారి మనసులో తరచుగా మెదిలేది ఇస్కందరియా నగరపు దీపస్తంభం.

మధ్యధరా సముద్ర తీరాన, ఫారోస్ దీవి రాతి కొసపై, క్రీ.పూ. మూడవ శతాబ్దంలో టాలమీ రాజులు దానిని కట్టించారు. ఎత్తు 100 మీటర్లకు పైగా ఉండేదని పండితుల అంచనా. ఈజిప్టు ముస్లింల పాలనలోకి వచ్చిన తరువాత కూడా అది ఆరు వందల సంవత్సరాలకు పైగా నిలిచింది. 1166లో అందలూసియా పండితుడు అబుల్ హజ్జాజ్ యూసుఫ్ అల్-బలవీ దానిని స్వయంగా కొలిచి వివరాలు వ్రాసిపెట్టాడు. 1303లో వచ్చిన పెద్ద భూకంపం దానిని బాగా దెబ్బతీసింది. హి. 726 (క్రీ.శ. 1326)లో ఇబ్నె బతూతా చూచినప్పుడు ఒక ముఖం కూలి ఉంది. హి. 750 (క్రీ.శ. 1349)లో తిరిగి వచ్చేసరికి లోపలికి పోవడానికే వీలు లేనంతగా శిథిలమైంది. పదిహేనవ శతాబ్దం చివరి భాగంలో మమ్లూక్ సుల్తాన్ ఖాయిత్‌బే ఆ స్థలంలోనే కోట కట్టించాడు. అది నేటికీ ఉన్నది.

ఇది మనకు సంబంధం లేని దూరదేశపు కథ అనుకోరాదు. దీపస్తంభం వెనుక ఒక ప్రశ్న ఉన్నది. మనకు ముఖపరిచయం లేనివాడు, మన మతంవాడో కాదో తెలియనివాడు, చీకటిలో సముద్రం మీద ఉన్నాడు. అతని పట్ల ఒడ్డున ఉన్నవారి బాధ్యత ఏమిటి?

మా కొడకండ్ల వంటి మెట్ట ప్రాంతపు ఊళ్ళకు సముద్రం కనబడదు. కాని ఈ ప్రశ్నకు తెలుగుదేశంలో మొదటి గొప్ప జవాబు మా ఓరుగల్లు పాలకుని నుండే వచ్చింది. తుఫానులో పగిలి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును రాజులు స్వాధీనం చేసుకోవటం అంతకు పూర్వం ఆచారంగా ఉండేది. ప్రాణం దక్కించుకున్న వర్తకునికి ఒడ్డు మీద రెండవ ఆపద ఎదురయ్యేదన్న మాట. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించి ఆ ఆచారాన్ని రద్దు చేశాడు. నిర్ణీత సుంకం తప్ప మరేదీ తీసుకోబోమని దూరదేశపు వర్తకులకు మాట ఇచ్చాడు. దీపం లేకపోయినా, అది కూడా ఒక మనారయే.

ఇక విశాఖపట్నానికి వద్దాము. రేవు ముఖద్వారం దగ్గర ఒక కొండపై హజ్రత్ ఇస్‌హాఖ్ మదనీ దర్గా ఉన్నది. 1869లో విశాఖపట్నం జిల్లా చరిత్ర వ్రాసిన ఆంగ్లేయ అధికారి డి.ఎఫ్. కార్మైకేల్ ఈ దర్గా గురించి చెప్పిన సంగతులు ఆసక్తికరమైనవి. రేవు దాటే ప్రతి ఓడ తన జెండాను మూడుసార్లు ఎత్తి దించి సలాము చేసేదట. ప్రయాణం క్షేమంగా ముగిసిన పిదప హిందూ ఓడ యజమానులు వెండితో చేసిన చిన్న దోనెలను దర్గాకు సమర్పించేవారట.

ఆయనే ఒక వ్యాజ్యాన్ని కూడా ప్రస్తావించాడు. దోనె యజమాని ఒక కోమటి. దానిని నడిపినవాడు, సరుకు లెక్క చూచినవాడు ఒక ముస్లిం. నడిసముద్రంలో గాలివాన పట్టినప్పుడు ఆ నావికుడు దర్గాకు కొంత సొమ్ము మొక్కుకున్నాడు. ఒడ్డు చేరిన తరువాత ఆ మొత్తాన్ని యజమాని ఖర్చులో వ్రాశాడు. కోర్టులో యజమాని వాదం ఒక్కటే: ఆ మొక్కు అసలు చెల్లించలేదు అని. అటువంటి సమయాన మొక్కుకోవటం సబబేనని మాత్రం అతడు ఒప్పుకున్నాడు.

నజ్ర్ (మొక్కుబడి) అల్లాహ్‌కు మాత్రమే చెందుతుందన్న ధార్మిక సూత్రం పాఠకులకు విదితమే. ఆ చర్చకు ఇది స్థలం కాదు. చరిత్ర విద్యార్థి గమనించవలసినది వేరొకటి. ఒకరి ధనం, మరొకరి నౌకానైపుణ్యం ఒకే దోనెలో ప్రయాణించాయి. తగవు వచ్చినది లెక్కల దగ్గర. మతం దగ్గర కాదు. కోస్తా ముస్లింల చరిత్రను నవాబులు, ఫౌజుదారులతోనే ముగించే గ్రంథాలలో ఈ నావికునికి చోటు లేదు. అతని పేరు కూడా మనకు దక్కలేదు.

ఆంగ్లేయుల కాలంలో ఈ తీరాన దీపస్తంభాలు వెలిశాయి. భీమునిపట్నం రేవుకు వచ్చే ఓడలకు నీటిలోని రాళ్ళ ప్రమాదం తెలియజేయటానికి 1847లోనే కోనాడ సమీపాన సంతపల్లి కొండపై ఒకటి నిర్మించారు. 1933లో విశాఖ ఓడరేవు ప్రారంభమైంది. ఓడలు వచ్చిపోయే కాలువకు దక్షిణాన డాల్ఫిన్స్ నోస్ అనే రాతి కొండ సముద్రంలోకి ముక్కువలె పొడుచుకొని ఉంటుంది. 1957లో దానిపై దీపస్తంభం నెలకొన్నది. ఎత్తైన కొండ మీద ఉండటం వల్ల దాని వెలుగు చాలా దూరం కనబడుతుంది. భూమి గుండ్రంగా ఉన్నందున దీపం ఎంత ఎత్తున ఉంటే అంత దూరపు ఓడకు కనబడుతుందన్నది ఇస్కందరియా నిర్మాతలు కూడా ఎరిగిన విషయమే.

ఓడరేవులకు వచ్చే నౌకల నుండి దీపాల నిర్వహణకు రుసుము వసూలు చేయాలని 1927 చట్టం నిర్దేశించింది. 2021లో దాని స్థానే కొత్త చట్టం వచ్చింది. సుంకం తీసుకొని క్షేమానికి హామీ ఇవ్వటం మోటుపల్లి నాటి నీతియే. అయితే వెలుగుకు ఒక ప్రత్యేకత ఉన్నది. రుసుము కట్టిన పెద్ద ఓడకు, దాని ప్రక్కనే వల వేసుకునే జాలరి తెప్పకు అది ఒకే విధంగా కనబడుతుంది.

చీకటిలో నేల మీదా, సముద్రం మీదా దారి తెలుసుకోవటానికే నక్షత్రాలు ఉన్నాయని దివ్య ఖుర్ఆన్ అన్ఆమ్ సూరా 97వ ఆయత్ తెలుపుతున్నది. ఆ నక్షత్రాలు ఏ జాతివానికీ మరుగు కావు. శాసనం చెక్కించిన రాజు, తుఫానులో దోనె నడిపిన నావికుడు, కొండపై దీపం కాచిన ఉద్యోగి — వీరు ముగ్గురూ తమ తమ కాలాలలో అపరిచితుని క్షేమానికి పాటుపడినవారు. మన తీర చరిత్రను వ్రాసేవారు వీరితో మొదలుపెట్టటం న్యాయం.