ఆలోచనకు ఎదురు చెప్పే విద్య

లెంటు మొదటి ఆదివారం చాలా సంఘాల్లో చదివేది యేసు అరణ్యంలో ఎదుర్కొన్న శోధన గురించే. నలభై దినాల ఉపవాసం తర్వాత అపవాది మూడు మాటలతో దగ్గరికి వస్తాడు. ఆయన మూడింటికీ ద్వితీయోపదేశకాండం నుంచే బదులిస్తాడు. సండే స్కూల్లో పిల్లల చేత వాక్యాలు కంఠతా పట్టించడం వెనక ఉన్న నమ్మకం కూడా ఇదే: అవసరమైన వేళకు మాట నోట్లో సిద్ధంగా ఉండాలి. ఏ ఆలోచన వస్తే ఏ వాక్యంతో బదులివ్వాలో విడివిడిగా రాసిపెట్టిన పుస్తకం ఒకటి నాలుగో శతాబ్దం చివర్లో ఈజిప్టు ఎడారిలో పుట్టింది.

రాసినవాడు ఎవాగ్రియస్. సుమారు 345లో పొంతు ప్రాంతంలో పుట్టాడు. కాన్‌స్టాంటినోపుల్‌లో డీకనుగా, మంచి వాదకుడిగా పేరు తెచ్చుకున్నాడు. అక్కడే ఒక పెద్ద అధికారి భార్య మీద మనసు పడ్డాడు. బేడీలు వేసి తనను నిలబెట్టినట్టు కల వచ్చిందనీ, ఊరు విడుస్తానని ఆ కలలోనే ప్రమాణం చేశాడనీ అతని శిష్యుడు పల్లాడియస్ రాశాడు. యెరూషలేముకు పారిపోయి, అక్కడ మళ్లీ పాత జీవితం వైపు జారి, జబ్బుపడ్డాడు. మెలానియా అనే సన్యాసిని అతని మనసులో మాట చెప్పించుకుని, సన్యాసానికి ఒప్పించింది. 383 ప్రాంతంలో ఈజిప్టు చేరి, నిట్రియాలో రెండేళ్లు ఉండి, ఇంకా లోపల కెల్లియా అనే గుడిసెల గుంపులో స్థిరపడ్డాడు. పుస్తకాల ప్రతులు రాసి పొట్టపోసుకుంటూ 399లో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. శోధన గురించి అతను చెప్పినవి నాకు నమ్మదగినవిగా తోచేది ఇందుకే. పడి లేచినవాడి మాటలవి.

ఎడారిలో దోచుకోవడానికి ఏమీ లేదు, పోట్లాడడానికి మనుషులూ తక్కువే. శోధన వస్తే ఆలోచనగానే రావాలి. ఎవాగ్రియస్ వాటిని ఎనిమిదిగా గుర్తుపట్టాడు: తిండియావ, కామం, ధనాశ, దిగులు, కోపం, విసుగు, కీర్తికాంక్ష, గర్వం. ఇవి ఎలా మాట్లాడతాయో అతను విన్న తీరు ఆశ్చర్యం కలిగిస్తుంది. తిండియావ రుచుల గురించి చెప్పదు. నీ కడుపు, నీ కాలేయం ఏమవుతాయి, ఇక్కడ వైద్యుడైనా లేడే అని ఆరోగ్యం మీద బెంగపెట్టిస్తుంది. ధనాశ కూడా అంతే. ముసలితనం వస్తుంది, చేతులు పనిచేయవు, కరువొస్తుంది, ఒకరి ముందు చేయిచాపాలి అంటుంది. విసుగు మాత్రం పట్టపగలే వస్తుంది. సూర్యుడు కదలడు. సన్యాసి మాటిమాటికీ కిటికీలోంచి భోజనవేళ ఎంత దూరముందో చూస్తాడు. ఈ చోటు మీద, చేతిపని మీద ఏవగింపు పుడుతుంది, ఇంటివాళ్లు గుర్తొస్తారు. ఆఫీసు గదుల్లో కూర్చునేవాళ్లకీ ఇది తెలియనిది కాదు.

ఆలోచన రావడం మన చేతిలో లేదనీ, దాన్ని లోపల ఉండనివ్వడం, ఉండనివ్వకపోవడం మాత్రమే మన చేతిలో ఉందనీ అతను తేల్చి చెప్పాడు. పాపపు తలంపు వచ్చినందుకే తాము పాపులమైపోయామని కుమిలిపోయే విశ్వాసులు మన మధ్య ఎంతమంది! వాళ్లకు ఈ ఒక్క మాట ముందుగా చెప్పాలి.

లూకియోస్ అనే సన్యాసి అడగ్గా అతను రాసిన పుస్తకం పేరు ‘అంటిర్రెటికోస్’. ఎనిమిది ఆలోచనలకు ఎనిమిది భాగాలు. పెద్దలు చెప్పుకునే ఆలోచనల్ని ఒక్కొక్కటిగా పేర్కొని, దానికి తగిన లేఖన వాక్యం కింద పెట్టాడు. అన్నీ కలిపి దాదాపు ఐదు వందలు. కొన్నిచోట్ల వాక్యం ఆలోచనకు బదులు కాదు, దేవునికి మొర.

ఈ ఎనిమిదినీ జాన్ కేసియన్ అనే సన్యాసి ఐదో శతాబ్దంలో గాల్ దేశపు మఠాలకు చేర్చాడు. ఆరో శతాబ్దం చివర్లో పోపు గ్రెగొరీ గర్వాన్ని అన్నిటికీ మూలమని పక్కన పెట్టి, విసుగును దిగులులో కలిపి, అసూయను చేర్చి ఏడు చేశాడు. తర్వాతి కాలంలో ఇవే ఏడు ఘోర పాపాలుగా స్థిరపడ్డాయి. జాబితా కంఠతా పట్టడానికి సులువైంది కానీ, ఎవాగ్రియస్ చెప్పింది పాపానికి ముందు ఘడియ గురించి. ఆ ఘడియ జాబితాలోంచి జారిపోయింది.

553లో కాన్‌స్టాంటినోపుల్ మహాసభ కాలంలో ఓరిగెను అనే పాత వేదాంతి బోధల మీద పడ్డ వేటు, వాటిని అనుసరించిన ఎవాగ్రియస్‌కూ తగిలింది. అతని రచనలు కొన్ని నీలస్ అనే వేరొకరి పేరు మీద బతికాయి. ‘అంటిర్రెటికోస్’ గ్రీకు మూలం పోయింది. సిరియా, ఆర్మేనియా సన్యాసులు తమ భాషల్లో రాసుకున్న ప్రతుల వల్లే అది నిలిచింది. సిరియాక్ పాఠం 1912లో బెర్లిన్‌లో అచ్చయింది.