కేఫ్ రేసర్

సేత్తూరు, రాజపాళయం వైపు పాత బుల్లెట్ బండికి మడ్‌గార్డులు పీకి నల్లరంగు వేస్తే చాలు, ‘కేఫ్ రేసర్’ అనేస్తున్నారు. అది సరికాదు. ముందు ‘కేఫ్’ మాట చూద్దాం: అరబ్బీ ‘ఖహ్వా’ తుర్కీలో ‘కహ్వే’, ఫ్రెంచిలో ‘కఫే’ అయింది. మన కాఫీదీ అదే వేరు. 1960లలో లండన్ ఏస్ కేఫ్ లాంటి చోట్ల చేరి పందేలు వేసుకున్న కుర్రాళ్లది ‘కేఫ్ రేసర్’ అన్న పేరు. బండికి తర్వాత అంటింది. వాళ్లు నార్టన్ బండి ఫ్రేములో ట్రయంఫ్ బండి ఇంజను బిగించి, పేర్లు కూడా అతికించి ‘ట్రైటన్’ అన్నారు. నాకు ఎంతో ఇష్టమైన మాట అది! కిందికి దించిన హ్యాండిల్, వెనక్కి జరిపిన ఫుట్‌రెస్టులు, ఒంటి సీటు ఉంటేనే కేఫ్ రేసర్ అనాలి. ఇలాంటి బండి కట్టుకోవాలని పాత సామాన్ల అంగట్లో ఇంజను కొనే తమ్ముళ్లూ, దాని నంబరు, కాగితాలు సరిచూసుకునే కొనండి.