తగవు, రచ్చ, రాజీ

సంక్రాంతికి మా రాజుపాలెం వెళ్ళినప్పుడు మా అన్న కొడుకు ఒక ఇంగ్లీషు పుస్తకం తెచ్చి నా ముందు పెట్టాడు. వాదోపవాదాలకు, పోట్లాటలకు సంబంధించిన జాతీయాల పట్టిక అది. ఒక్కొక్కదానికి తెలుగు చెప్పమని వాడి కోరిక. ‘క్రాస్ స్వోర్డ్స్’ అంటే కత్తులు దూయడమన్నాను. ‘ఎట్ డాగర్స్ డ్రాన్’ అంటే కత్తులు నూరుకోవడం. ‘త్రో డౌన్ ది గాంట్లెట్’ దగ్గర కొంచెం ఆగి, ఉక్కు చేతొడుగును నేలకు విసిరి ద్వంద్వయుద్ధానికి పిలిచే పాశ్చాత్య వీరుల ఆచారం వివరించి, మన తొడగొట్టడం వంటిదేనన్నాను. ‘బరీ ది హాచెట్’ ఇంగ్లీషువారి సొంత సొమ్ము కూడా కాదు. ఉత్తర అమెరికా ఆదివాసులు సంధి వేళ గొడ్డలిని భూమిలో పూడ్చిపెట్టే ఆచారం నుంచి వచ్చింది.

“దీన్ని తెలుగులో ఏమంటారు చిన్నాయనా?”

“రాజీ పడడం.”

వాడు ఒప్పుకోలేదు. “రాజీ పడేది ఓడిపోయినోళ్ళు కదా!” అన్నాడు.

ఆ మాట నన్ను చాలా రోజులు వదలలేదు. పోట్లాటను గురించి ఇంగ్లీషు ఎలా మాట్లాడుతుంది, తెలుగు ఎలా మాట్లాడుతుంది అని వెదుకుతూ పోతే తేలిన సంగతులివి.

ఇంగ్లీషులో వాదమంటే యుద్ధమేనని జార్జ్ లేకాఫ్, మార్క్ జాన్సన్ అనే పండితులు 1980లో ప్రకటించిన ‘మెటఫర్స్ వుయ్ లివ్ బై’ గ్రంథంలో సోదాహరణంగా చూపారు. ఎదుటివాని వాదంపై దాడి చేయడం, తన స్థానాన్ని కాపాడుకోవడం, గెలవడం, ఓడడం — అన్నీ రణరంగపు మాటలే. మన పత్రికలు కూడా ‘మాటల తూటాలు’, ‘విమర్శనాస్త్రాలు’ అంటూ ఆ దారినే నడుస్తున్నాయి. అయితే పల్లెలో వినబడే జాతీయాల తీరు వేరు. కయ్యానికి కాలు దువ్వేది ఆబోతు. చిలికి చిలికి గాలివాన అయ్యేది చిన్న జల్లు. పచ్చగడ్డి వేసినా భగ్గుమనేది ఇద్దరి నడుమ ఉన్న వైరం. పచ్చిగడ్డి అంటుకోదని తెలిసినవాడే ఆ మాట పుట్టించగలడు.

ఇవి పోలికలు. పోట్లాటకు మనం నిత్యం వాడే ఒంటి మాటలను విప్పి చూస్తే మరొక చరిత్ర కనబడుతుంది.

మా కుందూ లోయ ఒకనాటి రేనాడు. 6, 7 శతాబ్దాలలో రేనాటి చోళులు తెలుగులో శాసనాలు వేయించినది ఈ సీమలోనే. ఇచ్చిన దానానికి అడ్డుపడేవాణ్ణి ఆ శాసనాలు దానికి ‘వక్రం’ వచ్చేవాడని అంటాయి. అంటే వంకరగా వచ్చేవాడు. ఇక్కడ కత్తి లేదు, యుద్ధం లేదు. తిన్ననిది ధర్మం, దానికి వంకర విరోధం. విరోధాన్ని కూడా ధర్మంతోనే కొలిచిన పలుకుబడి అది.

‘తగవు’ చూడండి. ‘తగు’ నుంచి పుట్టిన మాట. ప్రాచీన కావ్యాలలో దానికి న్యాయం, యుక్తం అని అర్థం. న్యాయం చెప్పేవాడు ‘తగవరి’. ఈనాడు తగవంటే జగడం. ‘రచ్చ’ సంస్కృతంలోని ‘రథ్య’కు, అంటే వీధికి, ప్రాకృతం మీదుగా వచ్చిన రూపం. పల్లెజనం చెట్టు నీడన కూడి మంచిచెడ్డలు తీర్చుకునే చోటికి అది పేరైంది. రచ్చబండలో ఆ అర్థం నిలిచే ఉన్నది. కానీ ‘రచ్చ చేయడం’ అంటే ఇప్పుడు అల్లరి చేయడం. ఐదుగురు కూర్చుని తీర్పు చెప్పేది పంచాయితీ. తెలంగాణలో ఆ మాటకు తగాదా అనే అర్థం బాగా వ్యాపించింది; మా వైపు కూడా “లేనిపోని పంచాయితీ పెట్టుకోవద్దు” అంటారు. అమరకోశం ‘రాద్ధాంతా’నికీ ‘సిద్ధాంతా’నికీ ఒకటే అర్థమంటుంది, అనగా చర్చ ముగిసిన తరువాత తేలిన నిర్ణయం. మనం ‘రాద్ధాంతం చేయడం’ అనేది చర్చను ముగియనీయకపోవడాన్ని.

న్యాయం పేరు, న్యాయస్థానం పేరు, న్యాయమూర్తుల పేరు, తీర్పు పేరు — నాలుగూ జగడానికి పేర్లయినాయి!

దీనికి ఇంగ్లీషువారి కోర్టులే కారణమని మొదట నాకు తోచింది. ఈ సీమను నిజాము 1800లో కంపెనీకి దత్తం చేశాడు. 1802 నుంచి మద్రాసు ప్రెసిడెన్సీలో జిల్లా అదాలతులు ఏర్పడసాగాయి. 1800 నుంచి 1807 దాకా దత్తమండలానికి ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో పంచాయితీల పక్షపాతి. ఆయన పూనికతో వచ్చిన 1816 నాటి రెగ్యులేషన్లు గ్రామ మునసబులకు, పంచాయితీలకు చట్టంలో చోటు కల్పించాయి. అయినా ఆ చట్టపు పంచాయితీలు పెద్దగా వాడుకలోకి రాలేదు. రచ్చబండ వెలవెలబోయింది కనుక మాటలూ చెడ్డాయని సులువుగా చెప్పేయవచ్చు.

కాని సి.పి. బ్రౌన్ దానికి అడ్డు వస్తాడు. 1820లో ఉద్యోగిగా కడప వచ్చి తెలుగు నేర్చిన ఆయన 1852 నాటి తన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువులో తగవుకు న్యాయం, జగడం అనే రెండర్థాలనూ పక్కపక్కనే ఇచ్చాడు. అప్పటికే రెండూ జనం నోట ఉన్నాయన్నమాట. కోర్టులు ఈ మార్పుకు తోడ్పడి ఉండవచ్చునేమో కాని, మూలం అవి కావనే నాకు ఇప్పుడు తోస్తున్నది. మూలం మన అనుభవంలోనే ఉన్నది. పొలంగట్టు దగ్గర మాటామాటా పెరిగినప్పుడే మనిషికి తగవు గుర్తుకు వస్తుంది. జగడమున్న రోజే రచ్చకు ఎక్కుతాడు. ‘తగవు తీర్చడం’ అంటే న్యాయం చెప్పడమూ కావచ్చు, జగడం మాన్పడమూ కావచ్చు. ఆ సందులోనే అర్థం ఒక ఒడ్డు నుంచి రెండో ఒడ్డుకు దాటింది.

ఇంగ్లీషులో దీనికి ఎదురు నడక కూడా ఉన్నది. ‘నీ కోసం’ అనే అర్థంలో వారు వాడే ‘సేక్’ ప్రాచీనాంగ్లంలో వ్యాజ్యానికి, కలహానికి పేరు. ఒకరి పక్షాన వ్యాజ్యమాడడం పోయి, ఒకరి మేలు కోరడం మిగిలింది. కత్తులూ డాకాళ్ళూ నిండిన భాషలో ఒక జగడపు మాట ఇంత మెత్తబడితే, ధర్మంతో విరోధాన్ని కొలిచిన భాషలో ధర్మపు మాటలు గరుకెక్కాయి.

ఇప్పుడు వంతు రాజీది. అరబ్బీలో ‘రాజీ’ అంటే తృప్తి చెందినవాడు, ఇష్టపడినవాడు. ఇరుపక్షాలూ సమ్మతించి కోర్టుకు దాఖలు చేసే పత్రం ‘రాజీనామా’. ఆ సమ్మతి పత్రం నేడు కొలువు వదిలిపోయే పత్రమైంది. ‘రాజీలేని పోరాటం’ బిరుదైంది. ముఠాకక్షలతో ఎన్నో ఇళ్ళు దీపాలు కోల్పోయిన సీమలో పదిహేనేళ్ళ పిల్లవాడు రాజీ అంటే ఓటమి అనుకుంటున్నాడంటే, అది ఒక్క మాటకు పట్టిన గతి అని ఊరుకోలేను.

ఊరు విడిచే ముందు ఆ పిల్లవాణ్ణి వాళ్ళ జేజి దగ్గరకు తీసుకుపోయాను. ఏనాడో మాటలు మానుకున్న ఇద్దరు దాయాదుల సంగతి అడిగితే, “వాళ్ళు రాజీ అయినారు గదప్పా, పెండ్లికి గూడ పిలుచుకొన్యారు” అన్నది. ఆమె ‘పడినారు’ అనలేదు. పడడంలో కింద పడిన ధ్వని ఉన్నది. అవడంలో ఇద్దరూ సమానంగా నిలిచిన ధ్వని ఉన్నది. పిల్లవాడు తన పుస్తకంలో ‘బరీ ది హాచెట్’ పక్కన నేను రాయించిన మాట కొట్టివేసి ‘రాజీ అవడం’ అని రాసుకున్నాడు.

మీ ప్రాంతాలలో రాజీ ‘అవుతారో’, ‘పడతారో’ తెలిసినవారు చెప్పగలరు. అవుతున్నారంటే ఆ మాట ఇంకా మనకు దక్కేదే.